పళ్లెంలో ఎండిన టీ

జనవరి 11, శనివారం

ఇవాళ టీ మూడుసార్లు పెట్టాను. మూడూ సింకే తాగింది.

మొదటిది చిక్కబడలేదు. రెండోది ఉండలు కట్టింది. మూడోది చిక్కగా, నున్నగా వచ్చిందని మురిసిపోతూ చెంచాతో నోటికి అందిస్తే ఈయన నాలుక మీద పెట్టుకుని, కళ్లు మూసుకుని, చాలాసేపు ఆలోచించి, కూడబలుక్కుని "బం...క" అన్నారు. పోస్టాఫీసుకిస్తే కవర్లు అంటించుకుంటారట. ఆ రెండో ముక్క ఆయన అనలేదు, నేనే పూర్తి చేశాను. ఈ మధ్య ఆయన మాటలన్నీ నేనే పూర్తి చేస్తున్నాను.

పక్షవాతం వచ్చి ఎనిమిది నెలలు. కాలు చాలావరకు వచ్చింది, కుడి చెయ్యి కొంత వచ్చింది, మాట సగం వచ్చింది. గొంతు మాత్రం మొండికేసింది. పలచగా ఉన్నది ఏది తాగినా ఊపిరితిత్తుల దారి పడుతుంది. ముప్పై ఏళ్లు బస్సు కండక్టరుగా రోజుకు పది టీలు తాగిన మనిషి, ఇప్పుడు మంచినీళ్లు కూడా పొడి కలిపి చెంచాతో తినాలి. బజార్లో దొరికే పొడి సంగతి చెప్పక్కర్లేదు. మా ల్యాబు పొడి దానికంటే ఓ పిసరు నయం. అంతే.

పొద్దున అర్ధసంవత్సరపు నివేదిక రాశాను. "ప్రజాధనంతో మూడు సంస్థలు కలిసి చేస్తున్న ఈ పరిశోధనలో గింజ జిగురు తయారీ మా ల్యాబుది, గింజల సాగు విత్తన కేంద్రానిది, రోగుల పరీక్ష ప్రభుత్వాసుపత్రిది. లక్ష్యం: మింగలేనివారికి అందుబాటు ధరలో మంచి పొడి." మూడేళ్ల క్రితం ఇదే వాక్యం రాసినప్పుడు మింగలేనివారంటే ఎవరో పరాయివాళ్లు.

నాకు రెండు పుస్తకాలున్నాయి. ఒకటి ల్యాబుది. కుట్టిన పుస్తకం, పేజీలకు నంబర్లు, చించకూడదు. ప్రతి పేజీ అడుగున ఆ పనితో సంబంధం లేనివాళ్లెవరో చదివి, "చదివాను, అర్థమైంది" అని రాసి, చదివిన రోజు తేదీ వేసి సంతకం పెట్టాలి. పెళ్లైన కొత్తలో ఈ సంగతి చెబితే ఈయనకు తెగ నవ్వొచ్చింది. అప్పట్నుంచి నేనిచ్చిన సరుకుల చీటీ అడుగున కూడా "చదివాను, అర్థమైంది" అని రాసి, సంతకం పెట్టి, తేదీ వేసి మరీ బజారుకెళ్లేవారు. ఉప్పు మాత్రం మర్చిపోయి వచ్చేవారు.

రెండోది ఇది. అట్ట మీద ముద్ర తప్పుగా పడిందని ల్యాబువాళ్లు పక్కన పడేసిన పుస్తకం. ఇదీ కుట్టిందే, దీనికీ నంబర్లున్నాయి. కానీ సాక్షులు అక్కర్లేదు. ఎవరూ చదవరు, ఎవరికీ అర్థం కానక్కర్లేదు.

జనవరి 19

రాయడానికి ఏమీ లేదు. నిన్నా లేదు.

జనవరి 23, గురువారం

మధ్యాహ్నం నేను ల్యాబులో ఉన్నాను. వదిన పరధ్యానంలో ఈయనకు మంచినీళ్లు ఇచ్చేశారు. ఉత్త నీళ్లు, గ్లాసుడు. తమ్ముడు దాహమన్నాడు, అక్క ఇచ్చింది. ఎవర్ని ఏమనను?

నేను ఆసుపత్రికి వెళ్లేసరికి పెదాలు నీలంగా ఉన్నాయి. గొట్టం వేసి నీళ్లు లాగుతున్నారు. వదిన వరండాలో కొంగు నోట్లో కుక్కుకుని నిలబడ్డారు. సాయంత్రానికి గండం గడిచిందని పంపించారు.

బయట కుర్చీలో కూర్చున్నప్పుడు ఇదంతా ఇక అయిపోతే బాగుండుననుకున్నాను. ఇదంతా అంటే ఏమిటో నాకు తెలుసు. ఈయన పోతే బాగుండుననుకున్నాను. ఒక్క నిమిషం. ఎదురుగా గోడ గడియారం ఉంది. నిమిషం కంటే ఎక్కువే.

రాసేశాను. ఎవరూ చదవరు.

ఫిబ్రవరి 2, ఆదివారం

ఇవాళ జరిగింది వరసగా రాయాలి.

బట్టలు ఆరేసి వంటింట్లోకి వస్తే ఈయన బల్ల దగ్గర కూర్చుని, గ్లాసు అడుగుతో స్టీలు పళ్లెంలో ఏదో నూరుతున్నారు. ఎడం చేత్తో. పళ్లెంలో గోధుమరంగు పెచ్చులు. శుక్రవారం ఆయన తాగకుండా వదిలేసిన బంక టీని పళ్లెంలో పలచగా పరిచి, రెండు రోజులుగా కిటికీలో ఎండబెట్టారట. పొద్దున వదిన కడగబోతే పళ్లెం పట్టుకుని వదల్లేదట. "పళ్లేలు ఎండేసుకోవడం ఒక్కటే తక్కువైంది ఈ కొంపలో!" అని ఆవిడ గొణుక్కుంటూ, పొయ్యి మీదున్న టీ గ్లాసులో పోసిచ్చి, కూరగాయలకని వెళ్లారు. మంచి టీ. పలచటి టీ. ఆ పొడి తీసి ఈయన అందులో వేసేశారు.

"ఏం చేస్తున్నారండీ!" అని ఇల్లెగిరిపోయేలా అరిచాను.

ఈయన చెంచాతో గ్లాసు మీద ఒకటి కొట్టారు. ఒకటంటే ఆపమని. బస్సులో గంట ఒకసారి మోగితే ఆపు, రెండుసార్లు మోగితే పోనివ్వు. మాట పోయాక మా ఇంట్లో అదే భాష. ఆగాను.

కలిపారు. పదిసార్లు తిప్పారేమో. గ్లాసు నా వైపు జరిపారు. ఒక్క ఉండ లేదు. వంచితే బద్ధకంగా, కానీ బుద్ధిగా జారుతోంది. చెంచాలో తీసుకుని నాలుక మీద వేసుకున్నాను. జిగురు లేదు. టీ ఉంది.

ఆసుపత్రిలో నేర్పినట్టే గడ్డం కిందికి దించి ఒక గుక్క తాగారు. నేను అరవై అంకెలు లెక్కపెట్టాను. దగ్గు రాలేదు. ఇంకో గుక్క. అరవై. సగం గ్లాసు ఖాళీ అయ్యాక ఆయన మొహం చూశాను. మొదటి ట్రిప్పు అయిపోయాక బస్టాండులో నిలబడి తాగేటప్పటి మొహం. నేను పొయ్యి వైపు తిరిగి ఏడ్చాను.

"అసలు ఎందుకు చేశారండీ ఇది?" అని అడిగాను.

"పా...రె..."

"పారెయ్యడం ఎందుకని, అంతేగా?"

ఒకటి కొట్టారు. నేను అప్పటికే పళ్లెంలో మిగిలిన పెచ్చుల్ని కాగితంలో పొట్లం కడుతున్నాను. రేపు తూకం వెయ్యాలి.

ఫిబ్రవరి 6

నాలుగు రోజులుగా ల్యాబులో జిగురు నానబెట్టి, ఎండబెట్టి, నూరి, కలిపి చూస్తున్నాను. ఉండలే ఉండలు. ఈయన పొడి మాత్రం మంత్రం వేసినట్టు కలిసిపోతోంది. ఇవాళ భోజనం డబ్బా మూత తీస్తుండగా తట్టింది. నాది నీళ్లలో నానింది. ఈయనది పాలు పోసిన టీలో నానింది.

పాలు కలిపి ఎండబెట్టాను. వచ్చింది.

ల్యాబు పుస్తకంలో ఇలా రాశాను: "పాలతో కలిపి చిక్కబరచి ఎండబెట్టిన జిగురు, తిరిగి తడిపినప్పుడు ఉండకట్టకపోవడం గమనించబడినది." ఎవరు గమనించారో ఆ వాక్యంలో ఉండదు. మేం అలాగే రాస్తాం. పక్క ల్యాబు సీనియరు వచ్చి, చదివానని, అర్థమైందని సంతకం పెట్టి వెళ్లాడు.

మార్చి 21, శుక్రవారం

మింగుడమ్మ ఫోను. ఆసుపత్రిలో మింగడం నేర్పే డాక్టరమ్మ. ఆ పేరు నేను పెట్టింది కాదు, వార్డులో రోగులు పెట్టుకున్నారు, ఆవిడే మురిసిపోతూ చెప్పింది. కొత్త పొడిని ఇరవై నలుగురికి ఇచ్చి చూశారు. అందులో ఈయన ఒకరు. ఇరవై ఒక్కరికి దగ్గు రాలేదు.

"అవన్నీ అలా ఉంచండి. మూడో మంచం మామ్మ ఉంది చూశారూ, ఏడాదిగా పాలు, టీ ఏదిచ్చినా మొహం తిప్పుకునేది. ఇవాళ రెండో కప్పు అడిగింది. అడగడమేంటి, నర్సుని తిట్టి మరీ తెప్పించుకుంది!" అంది. ఫోనులో ఆవిడ ముక్కు చీదడం వినిపించింది.

విత్తన కేంద్రం పెద్దాయనకు చెబితే ఆయన ధోరణి ఆయనది. "జనం డబ్బుతో పండించిన గింజమ్మా. జనం నోట్లోకే పోవాలి. బీరువాలోకి కాదు" అన్నారు.

బీరువా మాట ఊరికే అనలేదు. మా ల్యాబు బీరువాలో ఇంతకుముందు ప్రాజెక్టులవి నాలుగు సీసాలున్నాయి. నాలుగూ బాగా పనిచేసినవే. నాలుగింటికీ మంచి నివేదికలున్నాయి. తయారుచేసి అమ్మేవాడు దొరక్క సీసాల మీద చీటీలు పచ్చబడ్డాయి.

ఏప్రిల్ 9

దొరికాడు. పసిపిల్లల పాలపొడి చేసే కంపెనీ. యంత్రాలున్నాయి, పంచిపెట్టే మనుషులున్నారు. ప్రభుత్వాసుపత్రులకు ఖర్చుకే ఇస్తామన్నారు. ఒకటే షరతు, పేటెంటు ఉండాలి. లేకపోతే తాము యంత్రం పెట్టాక పక్కవాడు చూసి చేసేస్తాడని వాళ్ల భయం. న్యాయమే.

మా ఒప్పందాల ఆఫీసునుంచి, పేటెంటు కాగితాలు చూసే సంతకాలాయన వచ్చాడు. ఎప్పుడూ చంకలో ఫైలు, జేబులో మూడు పెన్నులు. మనిషి మంచివాడు. "మేడమ్, ఇందులో ఈ ఆలోచన ఎవరెవరికి వచ్చిందో వాళ్ల పేర్లు రాయండి. పనిచేసినవాళ్లందరివీ కాదు, డబ్బిచ్చినవాళ్లవీ కాదు. ఆలోచన వచ్చినవాళ్లవి. అంతే. ఎక్కువ రాసినా తప్పే, తక్కువ రాసినా తప్పే" అన్నాడు.

మూడు పేర్లు రాశాను. నాది, మింగుడమ్మది, విత్తన కేంద్రం పెద్దాయనది.

ఏప్రిల్ 10

ఆలోచించాను. ముగ్గురమే.

ఏప్రిల్ 13, ఆదివారం

వదిన నోట్లో నువ్వుగింజ నానదు. పక్కింటావిడ వచ్చి కూర్చుంటే, "మా తమ్ముడు కనిపెట్టిన పొడికి కంపెనీ వాళ్లొచ్చారమ్మా!" అని మొదలెట్టారు. నేను నవ్వి, "అలా అంటారు గానీ వదినా, దాని వెనక మూడేళ్ల పనుంది" అన్నాను.

"ఉండదని ఎవరన్నారే? వాడు పళ్లెం ఎండేశాడన్నాను, అంతేగా. ఆ పళ్లెం తోమింది నేను. గోళ్లు అరిగిపోయాయి. మరి నా పేరూ రాస్తావా?" అన్నారు వదిన.

ఈయన కిటికీ దగ్గర కూర్చుని ఉన్నారు. ఈయనకు ఇవేమీ పట్టవు. టీ ఉంటే చాలు.

ఏప్రిల్ 14

నిజంగానే పట్టవు.

ఏప్రిల్ 22

ఈయన్ని నేను మొదట చూసింది కాలేజీకి వెళ్లే బస్సులో. పుస్తకంలో తలపెట్టి దిగాల్సిన చోటు రెండుసార్లు దాటిపోయాను. మూడోరోజు నా స్టాపు రాగానే, "చదువులమ్మగారు దిగాలి, చదువులమ్మగారు!" అని బస్సంతా వినేలా కేకేశారు. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ గొంతు విని వెనక చక్రాలు కూడా ఆగేవి.

ఇవాళ ఎందుకో గుర్తొచ్చింది.

మే 8, గురువారం

కంపెనీ వాళ్లకు చూపించడానికి ఆసుపత్రిలో చిన్న సమావేశం పెట్టారు. రోగి ఎవరైనా అందరిముందూ తాగి చూపిస్తే బాగుంటుందని మింగుడమ్మ ఈయన్ని రమ్మంది. ఈయన ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. నేను దువ్వుతానంటే ఒకటి కొట్టి, తనే ఎడం చేత్తో దువ్వుకున్నారు. పాపిడి వంకరగా వచ్చింది, బాగుంది.

టీ కలిపి ఇచ్చాను. తాగారు. అందరూ చప్పట్లు కొట్టారు. కంపెనీ పెద్ద ఒకాయన ముందుకు వంగి, "అద్భుతమండీ. ఇంతకీ పాలల్లో నానబెట్టి ఎండబెట్టాలన్న ఆలోచన ఎవరికి వచ్చింది?" అని అడిగాడు.

"ల్యాబులో అనుకోకుండా జరిగిందండీ" అన్నాను. నోటికి అలవాటైన వాక్యంలా వచ్చేసింది.

పక్కన టంగుమని చప్పుడైంది. ఈయన చెంచాతో గ్లాసు మీద కొట్టారు. ఒకటి.

అందరూ ఈయన వైపు చూశారు. మింగుడమ్మ కంగారుగా, "చాలా? ఇబ్బందిగా ఉందా?" అంది. ఈయన నన్నే చూస్తున్నారు. నేను చెప్పాను. ఆయన మాటలు పూర్తిచేసేది నేనే కదా.

"టీ చాలంటున్నారు" అన్నాను.

మే 9

నిన్న ఇంటికొచ్చేటప్పుడు ఈయన ఆటోలో బయటికే చూస్తూ కూర్చున్నారు. ఇవాళ ల్యాబుకు వెళ్లలేదు. మింగలేక కక్కలేక మధ్యాహ్నం దాకా తిరిగి, చివరికి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"ఆ పళ్లెం సంగతి... మీకు గుర్తుందా?"

రెండు కొట్టారు, బల్ల మీద వేళ్లతో.

"ఊరికే పారెయ్యడమెందుకనేగా మీరు..."

ఒకటి. గట్టిగా. "ఆ...గు" అన్నారు.

ఆగాను. నాలుక పళ్ల మధ్య పెట్టుకుని కూర్చున్నాను. ఇంతసేపు ఊరికే కూర్చోవడం ఎంత కష్టమో నాకు ఇన్నాళ్లూ తెలియలేదు. ఎనిమిది నెలలు, పన్నెండు నెలలు, ఆయన ఒక అక్షరం మొదలెట్టగానే నేను ఎక్కి కూర్చుని బండి తోలేస్తున్నాను.

ఆయన చెప్పింది రాస్తున్నాను. గంట పట్టింది. గ్లాసు బయట కారి ఎండిపోయిన చుక్క మీద వేడి టీ పడితే అది ఉండకట్టకుండా కరగడం జనవరిలో చూశారు. మొదట మంచినీళ్ల బంక ఎండబెట్టారు. పనిచెయ్యలేదు. టీ బంక ఎండబెట్టారు. పనిచేసింది. మళ్లీ చేశారు, కుదిరింది. మూడోసారి నేను చూశాను.

అంటే పాల సంగతి ఆయనకు ముందే తెలుసు. నేను నాలుగు రోజులు ల్యాబులో తల బద్దలుకొట్టుకుంటున్నప్పుడు ఆయన ఇంట్లో కూర్చుని ఉన్నారు. నేను అడగలేదు.

"ఆ రోజే నాకు చెప్పి ఉండొచ్చుగా?" అన్నాను, అర్థం లేకుండా.

"చె...ప్పా." చాలాసేపటికి ఇంకో మాట. "విన...లే."

పేరు రాయమంటారా అని అడిగాను. వద్దులే అంటారనుకున్నాను. ఆ మాట నా నాలుక చివర్న సిద్ధంగా ఉంది, అందివ్వడానికి.

"నా...ది" అన్నారు. "అది... నాది."

మే 12, సోమవారం

సంతకాలాయన దగ్గరికి వెళ్లి మొత్తం చెప్పాను. తిడతాడనుకున్నాను. పెన్ను మూత పెట్టి, "మంచి పని చేశారు మేడమ్. నిజమైనవాళ్ల పేరు వదిలేస్తే ఆ పేటెంటు చెల్లదని కోర్టులో ఎప్పుడైనా కొట్టేస్తారు. కంపెనీ యంత్రాలు పెట్టాక కొట్టేస్తే అందరం మునుగుతాం" అన్నాడు.

హమ్మయ్య అనుకునేలోపల ఫైలు మూసేశాడు. "కానీ ఆయన మన సంస్థల మనిషి కాదు. పైగా పరీక్షలో రోగి. పైగా మీ భర్త. ఇంటాయన పేరు ఇరికించారనరూ? ఆ రోజుల్లోనే రాసిపెట్టుకున్నది ఏదైనా ఉందా? తేదీతో?"

"ఉంది" అన్నాను. అనేశాక గుర్తొచ్చింది ఏముందో.

విడి పేజీ చెల్లదట. తర్వాత రాసి ఇరికించలేదని తెలియడానికి ముందూ వెనకా పేజీలతో సహా అసలు పుస్తకమే కంపెనీ లాయరు చూడాలట. నెలాఖరులోపు తేలాలి. లేకపోతే వాళ్లు వేరే పని చూసుకుంటారు.

ఫిబ్రవరి 2 రాసింది 32వ పేజీ. దాని ముందు వైపు 31. అదే కాగితం.

మే 13

జనవరి 23.

మే 15

ఫిబ్రవరి రెండు ఒక్కటే కొత్త పుస్తకంలో ఎక్కించి, తేదీ వేసి, టీ మరకలు కూడా చేసి... ఇరవై ఆరేళ్లు పుస్తకం చించకూడదని ల్యాబులో చేరే పిల్లలకు పాఠం చెప్పినదాన్ని. ఆలోచన వచ్చిందని మాత్రం రాస్తున్నాను.

మే 17

ఆ పేజీ మీద కాగితం అంటిస్తే? లాయరు మొట్టమొదట పీకి చూసేది దాన్నే.

మే 20

మింగుడమ్మకు చెప్పాను. ముఖం ముడుచుకుంది. కనిపెట్టినవాడే రోగిగా ఉండకూడదు కాబట్టి ఈయన్ని తీసేసి, ఇరవై ముగ్గురితో అన్నీ మళ్లీ లెక్కకట్టాలి. "ఫలితం మారదులెండి. కానీ ముందే చెప్పాల్సింది. మీరు, నేను, ఆ పెద్దాయన, మూడేళ్లు ఒకే కంచంలో తిన్నట్టు పనిచేశాం" అంది. తల దించుకున్నాను.

మళ్లీ తనే నా చెయ్యి పట్టుకుంది. "మూడో మంచం మామ్మని రేపు ఇంటికి పంపేస్తున్నాం. పొడి ఎక్కడ కొనుక్కోవాలని వాళ్ల కోడలు అడిగింది. త్వరలో వస్తుందని చెప్పాను. రప్పించండి."

పుస్తకం ఇవ్వకపోతే ఈ పొడి అయిదో సీసాగా బీరువాలోకి పోతుంది. ఈయన పేరు లేకుండా ఇస్తే అబద్ధం. పేరుతో ఇస్తే పరాయివాళ్లు 31 చదువుతారు. పరాయివాళ్లు చదివితే చదివారు, మొహం ఎరగనివాళ్లు. వాళ్ల వెనక ఈయన చదువుతారు. ఏదో రోజు చదువుతారు.

నేనిప్పుడు అలా అనుకోవడం లేదని ఎక్కడ రాయాలి? ఎన్ని పేజీలు రాస్తే ఆ నాలుగు వాక్యాలకు సరిపోతుంది?

మే 27, మంగళవారం

పరాయివాళ్ల కంటే ముందు ఈయన చదవాలి. అది ఒక్కటే తేలింది ఇన్ని రోజులకు.

పొద్దున టీ కలిపి ఇచ్చి, పక్కన ఈ పుస్తకం పెట్టాను. "లాయరుకు ఇవ్వాల్సింది ఇదే. మీ పళ్లెం సంగతి 32లో ఉంది. ముందు పేజీ కూడా చదవాలి మీరు. అది... ఆ రోజు మీరు ఆసుపత్రిలో ఉన్నప్పుడు..." అని ఆగిపోయాను. నా మాటను పూర్తిచేసేవాళ్లు ఎవరూ లేరు. ఆయన ఎదురుచూశారు. నేను పూర్తిచెయ్యలేకపోయాను.

చెప్పులేసుకుని వీధిలోకి వెళ్లిపోయాను. బస్టాపు దాకా నడిచి, నాలుగు బస్సులు వదిలేసి, తిరిగొచ్చాను.

పుస్తకం మూసి ఉంది. గ్లాసు ఖాళీగా ఉంది. ఈయన కిటికీలోంచి చూస్తున్నారు. కళ్లు ఎర్రగా ఉన్నాయి, లేదా నాకలా కనిపించాయి. నేను నిలబడే ఉన్నాను. ఏమైనా అంటారేమోనని చూశాను.

"టీ" అన్నారు.

పెట్టాను. పొడి ఎక్కువ పడింది, బంకలా వచ్చింది. ఏమీ అనకుండా తాగేశారు.

ఇది చివర్లో కొత్త పేజీ తీసి రాస్తున్నాను. 31 వైపు చూడలేదు.

మే 28

ఇవాళ కూడా ఏమీ అనలేదు. మామూలుగానే ఉన్నారు. మామూలుగా ఉన్నారా? వదిన కూడా గమనించి, "ఏంటే, ఇల్లు ఇంత చప్పుడు లేకుండా ఉంది?" అని అడిగారు. తలనొప్పి అన్నాను.

మే 29, గురువారం

ఒప్పందాల ఆఫీసుకు ఇద్దరం వెళ్లాం. బల్లకు అటు సంతకాలాయన, కంపెనీ తరఫు లాయరమ్మ. ఇటు ఈయన, నేను. అద్దాలున్న గది. మంచినీళ్ల గ్లాసులు పెట్టారు. ఈయన తన ముందున్నదాన్ని చూసి, నావైపు చూసి, కనుబొమలెగరేసి, దూరంగా జరిపారు. నాకు నవ్వొచ్చింది, ఆ పరిస్థితిలో.

ముందు ఫారం. నాలుగో పేరు ఈయనే చెప్పారు. సంతకాలాయన రాసుకుని, "వృత్తి?" అన్నాడు.

"కం..."

సంతకాలాయన నావైపు చూశాడు. నేను గోడ వైపు చూశాను. గది మొత్తం ఆగింది. ఎంతసేపైనా ఆగనీ.

"కండ...క్టర్."

"రిటైర్డ్ అని రాయనా అండీ?"

బల్ల మీద ఒకటి కొట్టారు. కండక్టర్ అనే రాశాడు.

తర్వాత లాయరమ్మ ఈ పుస్తకం తీసుకుంది. మొదటి నుంచీ ఒక్కో పేజీ తిప్పుతూ, నంబర్లు చూస్తూ, కుట్టు చూస్తూ వచ్చింది. చిన్న వయసే. చదివేటప్పుడు పెదాలు కదుపుతుంది. 28. 29. 30. నేను ఒళ్లో చేతులు నలుపుకుంటున్నాను.

31 దగ్గర ఆగింది. పెదాలు కదలడం మానేసింది. మొత్తం చదివింది. నావైపు చూడలేదు, అందుకు ఆమెకు జన్మంతా రుణపడి ఉంటాను. పేజీ అడుగుకు వచ్చి కళ్లు చిట్లించి, పుస్తకం మా వైపు తిప్పింది.

"ఇది ఎవరి సంతకం అండీ?"

నాకు మొదట ఏమీ కనిపించలేదు, కళ్లకు నీళ్లడ్డం. తుడుచుకుని చూశాను. నా నాలుగు వాక్యాల కింద, ల్యాబు పుస్తకంలో సాక్షి సంతకం పెట్టే చోట, ఎడం చేత్తో రాసిన అక్షరాలు. పలకమీద కొత్తగా దిద్దినట్టు పెద్దవీ చిన్నవీ, వరస తప్పి, కాగితం చివరిదాకా పాకి ఉన్నాయి.

"చదివాను. అర్థమైంది."

కింద సంతకం. దాని పక్కన తేదీ. జనవరిది కాదు, మే 27. చదివిన రోజుదే వెయ్యాలి, నియమం. నేనే చెప్పాను ఎప్పుడో, పెళ్లైన కొత్తలో.

32వ పేజీ మీద ఏ సంతకమూ లేదు. తన పళ్లెం గురించి రాసిన దాని కింద ఆయన ఏమీ పెట్టలేదు.

నేను ఈయన వైపు తిరిగాను. ఆయన మంచి చెయ్యి తీసి నా చేతుల మీద పెట్టారు. లాయరమ్మ ఇంకా పుస్తకం పట్టుకునే ఉంది, పేజీ తిప్పాలో వద్దో తెలియక.

ఈయన నా చేతి మీద వేలితో రెండుసార్లు కొట్టారు. అది నాకు మాత్రమే తెలిసింది. తర్వాత ఆ అమ్మాయి వైపు చూసి, నెమ్మదిగా, ఎవరి సాయమూ లేకుండా, నోరారా అన్నారు.

"రై...ట్."